పీత కుడి మోకాలు

పీతను పంచుకోవడానికి తబస్సుమ్ ఆదివారం పొద్దున్నే వచ్చింది. భుజాన కాలేజీ సంచీ ఉంది, చేతిలో రెండు గిన్నెల స్టీలు క్యారేజీ ఉంది. ఆ క్యారేజీని చూడగానే వీరరాఘవమ్మకు ఒళ్ళు మండింది. ప్రతి రంజాన్‌కీ ఆ పిల్ల తల్లి పర్వీన్ ఇందులోనే సేమ్యా పంపేది. ఇవాళ ఇందులో మోటార్లు పోసుకుని పోతుందట.

"దుర్గ ఉందాండీ మామ్మగారూ?"

"ఎక్కడికి పోతుంది? లోపల నీకోసమే కాచుక్కూర్చుంది," అంది వీరరాఘవమ్మ. వసారా మెట్టు దగ్గర కత్తిపీట వేసుకుని మట్టగిడసలకు బూడిద పూసి రుద్దుతోంది ఆవిడ. చేప చచ్చిపోయింది కాబట్టి సరిపోయింది గానీ, ఆ రుద్దుడికి బతికున్నదైతే అరిచేది.

"మజ్జిగ తాగుతావా?"

"వద్దండీ. పదకొండింటి బస్సుకి వెళ్ళిపోవాలి."

"ఎన్నడూ లేనిది బస్సు టైములు చూస్తున్నావే."

తబస్సుమ్ చెప్పులు విప్పి, ఎప్పుడూ చేసేట్టే వాటిని గోడవారగా సర్దిపెట్టి లోపలికి వెళ్ళింది. ఆ సర్దడం చూసి వీరరాఘవమ్మకు ఇంకాస్త కోపం వచ్చింది. తెగతెంపులకు వచ్చినదానికి ఈ మర్యాదలెందుకు?

వీరరాఘవమ్మ మనవరాలు వీరదుర్గ కొల్లేటి గట్టు మీద ఈ ఊరి నుంచి, తబస్సుమ్ ఏలూరు నుంచి, ఇద్దరూ తాడేపల్లిగూడెం వెళ్ళి డిప్లొమా చదువుతున్నారు. ఇది మూడో ఏడు. ఏలూరు స్టేషన్లో ఒకే పాసింజరు, ఒకే పెట్టె, కిటికీ పక్క సీటు ఒక రోజు ఒకరిది, మర్నాడు ఇంకొకరిది. క్రిందటి ఎండాకాలం సెలవుల్లో ఇద్దరూ ఇదే వసారాలో కూర్చుని, బోర్లించిన చేటంత యంత్రం పీతను తయారు చేశారు. ఆరు కాళ్ళు, కాలికి రెండు చొప్పున పన్నెండు మోటార్లు. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దవి. సెర్వోలంటారు వాటిని. మామూలు మోటారు కరెంటు ఇస్తే తిరుగుతూనే ఉంటుందనీ, సెర్వో మాత్రం ఎంత మేర తిరగమంటే అంతే తిరిగి, అక్కడ ఆగి, పట్టుకుని నిలబడుతుందనీ దుర్గ చెప్పింది. వచ్చే శనివారం కాలేజీలో ప్రదర్శన ఉంది. అక్కడ పీత నడవాలి.

దసరా నుంచి అది నడవడం లేదు. కుడివైపు ముందు కాలి మోకాలు పాడైంది. మొదట ఉన్న సెర్వో చలిజ్వరం వచ్చినట్టు వణికింది. దాన్ని తీసేసి తబస్సుమ్ విజయవాడ నుంచి తెచ్చిన కొత్తది బిగించారు. పది నిమిషాల్లో పొగ వచ్చింది. ఇంకో కొత్తది బిగించారు. అదీ పోయింది. తప్పు నీదంటే నీదని రైలు పెట్టెలో మొదలైన గొడవ వారం తిరిగేసరికి పంపకం దాకా వచ్చింది.

లోపలి నుంచి మాటలు గట్టిగా వినబడుతున్నాయి. కొడుకూ కోడలూ చెరువులో చేపల పట్టుబడికి వెళ్ళారు, ఇంట్లో ఇంకెవరూ లేరు. వీరరాఘవమ్మ చేపలను గిన్నెలో వేసి మూత పెట్టి, చేతులు కడుక్కుని గుమ్మంలో నిలబడింది.

దుర్గ పీతను చేటలో వెల్లకిలా పడుకోబెట్టింది. కాళ్ళు పైకి లేచి ఉన్నాయి.

"ఎడమవైపు ఆరూ నీవి, కుడివైపు ఆరూ నావి. ఊడదీసుకో," అంది దుర్గ.

"కుడివైపు పనిచేసేవి ఐదే కదా. ఆరంటావేంటి?"

"ఆరోది నువ్వు తెచ్చిన దొంగ సామాను కాబట్టే కాలిపోయింది. దానికి నేనేం చెయ్యను?"

"దొంగ సామాను అనకు. కంపెనీవి అడిగి తెచ్చాను."

"అడిగితే అందరూ కంపెనీదే అంటారు. స్టిక్కరు చూసి సంచీలో వేసుకుని ఉంటావు."

"మా నాన్న నలభై ఏళ్ళ నుంచి గడియారాలు బాగుచేస్తున్నారు దుర్గా. స్టిక్కరు చూసి కొనేదాన్ని కాదు నేను. నువ్వే ఇంట్లో నాకు చెప్పకుండా దాన్ని గంటలు గంటలు ఆడించి కాల్చావు."

"నేను ఆడించానా? చూశావా నువ్వు?"

"చూడాల్సింది చూశాను." తబస్సుమ్ గొంతు ఒక్కసారి తగ్గింది. "అన్నీ చెప్పను."

"ఏం చూశావో చెప్పు."

"చెప్పనన్నాను కదా. సరే, బోర్డు ఎవరికి, బ్యాటరీ ఎవరికి?"

"బోర్డు నాది. బ్యాటరీ పట్టుకుపో."

"బోర్డు లేకుండా బ్యాటరీతో నేనేం చేసుకోను?"

"లైటు వెలిగించుకో."

ఆ మాటకు మరో రోజైతే ఇద్దరూ పడీపడీ నవ్వేవారు. తబస్సుమ్ కింద కూర్చుని సంచీలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసింది. తండ్రి హిదాయతుల్లా గడియారాల కొట్టులోది అది, పిడికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఎడమవైపు వెనక కాలు పట్టుకుని మొదటి మర విప్పింది. మర క్యారేజీ గిన్నెలో పడి టింగుమంది.

కుడి మోకాలు ఎందుకు పాడైందో గుమ్మంలో నిలబడ్డ వీరరాఘవమ్మకు తెలుసు. తెలిసి నెల్లాళ్ళుగా నోరు మూసుకుంది.

మహర్నవమి నాడు ఇంట్లో ఉన్న పనిముట్లన్నిటికీ పూజ చేసింది ఆవిడ. కొడుకు మోటారుసైకిలు, కోడలి కుట్టుమిషను, చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటరు, కత్తిపీట, అన్నిటినీ కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టింది. పీత ఒక్కటే బల్ల మీద బోసిగా కనిపించింది. మనవరాలి చేతిపని, దానికి మాత్రం ఎందుకు చేయకూడదు? నడిచేటప్పుడు అది కిర్రుకిర్రుమనడం ఎన్నోసార్లు విన్నది. కుట్టుమిషను నూనెడబ్బా చేతిలోనే ఉంది. మంచి పనికి కుడికాలు ముందు అనుకుని, కుడివైపు ముందు కాలి మోకాలికి పసుపు అద్ది, కుంకుమ పెట్టి, సందులో నూనె పోసింది. నూనె కారి బల్ల మీద పడేసరికి భయం వేసి, మిగతా కాళ్ళ జోలికి పోలేదు. దుర్గ ఆ రోజు ఏలూరు వెళ్ళింది. అది తిరిగొచ్చేలోపు పసుపూ కుంకుమా తుడిచేసింది. అదీ ఆవిడ చేసిన ఘనకార్యం.

చెబితే దుర్గ ఏమంటుందోనని భయం. చెప్పకపోతే ఏమవుతుందోనని భయం. ఆ రెండు భయాలూ కలిసి ఆవిడకు ఎవరిని చూసినా కోపంగా మారాయి. తబస్సుమ్ మీద కోపం, దుర్గ మీద కోపం, సంగతి విని నవ్వి ఊరుకున్న కొడుకు మీద కోపం, నాలుగు చుక్కల నూనెకే చచ్చిపోయే ఆ మోటారు మీద మరీ కోపం. ఏరేటరు మోటారు డబ్బాడు నూనె తాగి ఇంకా కావాలంటుంది. ఇదేం పుట్టుక?

రెండో మర టింగుమంది. మూడోది.

కొల్లేటిలో సర్కారు చేపల చెరువుల గట్లు కొట్టించిన ఏడాది, చెల్లెలు సుబ్బలక్ష్మి కూడా ఇలాగే ఈ గుమ్మంలోకి వచ్చి అడిగింది. "అక్కా, మా చెరువు సరస్సు హద్దులో ఉందని కొలతలవాళ్ళకి చెప్పిందెవరో నీకు తెలుసా?" చెప్పింది వీరరాఘవమ్మ మొగుడే. అన్నం తింటూ ఆ మాట ఆవిడతో అన్నాడు కూడా. "నాకేం తెలుసే," అంది వీరరాఘవమ్మ. సుబ్బలక్ష్మి ఒక నిమిషం ఆవిడ మొహం వంక చూసి వెళ్ళిపోయింది. ఆ నెలలోనే ట్రాక్టరు మీద మంచాలూ బియ్యం డ్రమ్మూ ఎక్కించుకుని మెట్టకు, కామవరపుకోటకు వెళ్ళిపోయారు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు. పదిహేడేళ్ళ తరవాత వీరరాఘవమ్మే వెళ్ళింది, శవాన్ని చూడడానికి. తిట్టడానికి కూడా మనిషి మిగల్లేదు అక్కడ.

నాలుగో మర టింగుమనేలోపు వీరరాఘవమ్మ లోపలికి వచ్చి క్యారేజీ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండే. ఆ మోకాలికి నూనె పోసింది నేను."

ఇద్దరూ తలెత్తారు.

"ఏం నూనె?" అంది దుర్గ.

"కుట్టుమిషనుది. నవమి నాడు పూజ చేశాను. కిర్రుమంటోంది కదా అని..."

"ఎంత పోశావు?"

"రెండు చుక్కలు."

"మామ్మా."

"రెండు కాదు. డబ్బా ముక్కు సందులో పెట్టి నాలుగు నొక్కులు నొక్కాను. పసుపు కూడా పెట్టాను. నువ్వు తిడతావని తుడిచేశాను. ఇప్పుడు తిట్టు, తిట్టాలనుంటే."

దుర్గ తిట్టలేదు. మొహం ఎర్రబడింది. "నెల రోజులు. నెల రోజుల నుంచి నేను దీన్ని పట్టుకుని ఏడుస్తుంటే నువ్వు పక్కన కూర్చుని కూరగాయలు తరుక్కున్నావు. తబస్సుమ్‌ది దొంగ సామానన్నాను నేను. రైల్లో అందరి ముందూ అన్నాను. వింటూనే ఉన్నావు కదా నేను ఫోనులో అంటుంటే?"

"విన్నాను."

"విని?"

వీరరాఘవమ్మకు కోపం వచ్చింది గానీ దాన్ని ఎటు తిప్పాలో తెలియలేదు. అప్పుడు తబస్సుమ్ స్క్రూడ్రైవరు కింద పెట్టి మెల్లగా అంది.

"నూనె సంగతి నాకు తెలుసండీ."

ఈసారి దుర్గ తిరిగింది ఆ పిల్ల వైపు. "నీకెలా తెలుసు?"

"పాత సెర్వో విప్పి తీసినప్పుడు మర తల గాడిలో పసుపు కనిపించింది. నూనె వాసన కూడా వచ్చింది."

"మరి అడగలేదేం?"

"ఏమని అడగను? మీ పూజ వల్ల పాడైందని నేను అనగలనా? ఇంట్లో చెబితే మా నాన్న కూడా, వాళ్ళ పూజ సంగతి మనం ఎత్తకూడదు, వాళ్ళే చెబుతారులే అన్నారు. నువ్వు చెబుతావని చూశాను. నువ్వు చెప్పలేదు. పైగా నేను దొంగ సామాను తెచ్చానన్నావు. అన్నీ తెలిసే నా మీద తోస్తున్నావనుకున్నాను."

"నాకు తెలిస్తే కదా చెప్పడానికి."

"అది నాకెలా తెలుస్తుంది?"

"నోరుంది కదే నీకు. అడిగితే ఏం పోయేది?"

"అడిగితే నువ్వు ఊరుకున్నా మామ్మగారు ఊరుకునేవారా?"

వీరరాఘవమ్మకు ఆ మాట సూదిలా గుచ్చుకుంది. ఊరుకునేదాన్నే అనబోయి ఆగిపోయింది. ఆ రోజు ఊరుకునేది కాదు. పూజకు వంక పెడతావా అని ఇల్లు పీకి పందిరేసేది.

"చాల్లే," అంది చివరికి. "ఆ పాతది ఉందా, పారేశారా? అందులో నా నూనె ఏం చేసిందో కళ్ళతో చూస్తాను."

దుర్గ విసురుగా లేచి, బల్ల కింది నుంచి కాఫీపొడి డబ్బా తెచ్చి నేల మీద బోర్లించింది. మూడు సెర్వోలు దొర్లాయి. వణికిన పాతది, కాలిపోయిన కొత్తవి రెండు.

తబస్సుమ్ పాతదాన్ని తీసుకుంది. ముందు దాన్ని పీతతో సంబంధం లేకుండా ఒక చిన్న పెట్టెకు తగిలించింది. ఆ పెట్టెకు రేడియోకి ఉన్నట్టు ఒక బిరడా ఉంది. బిరడా మెల్లగా తిప్పుతుంటే సెర్వో తలా తిరిగింది. మధ్యకు వచ్చేసరికి గజగజ వణికింది. కాస్త దాటించగానే మళ్ళీ నిమ్మళించింది. వెనక్కి తిప్పితే అదే చోట మళ్ళీ వణికింది.

"మోటారు బాగుందండీ. పళ్ళచక్రాలూ అరగలేదు, అరిగితే జారిపోయేది," అంది తబస్సుమ్. కోపం పోలేదు గానీ చేతులు పనిలో పడ్డాయి. వెనక నుంచి పొడుగాటి మరలు నాలుగు తీసి, మూత విప్పింది. లోపల ఒక చిన్న మోటారు, జిడ్డుతో ముద్దకట్టిన పళ్ళచక్రాలు, వాటి కింద పావలాబిళ్ళంత నల్లటి బిళ్ళ. "ఇదండీ, తల ఎంత తిరిగిందో లోపల బోర్డుకి చెప్పేది. దీన్ని నమ్మే సెర్వో ఎక్కడ ఆగాలో చూసుకుంటుంది."

ఆ బిళ్ళ మూత లేపింది. వీరరాఘవమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగింది. నల్లటి దారి మీద తీగముక్క లాంటిది ఆనుకుని తిరుగుతుంది. సరిగ్గా ఆ దారి మధ్యలో పసుపుపచ్చటి జిడ్డు, మధ్యలో ఎర్రటి నలుసులు. కుంకుమ.

ఆవిడకు తల తీసేసినట్టయింది. తన వేలిముద్ర దొరికినట్టే ఉంది అక్కడ.

"సరే, ఇది వణకడం నా పాపమే," అంది. "మరి ఆ కొత్తవాటికి నేను ఏమీ పోయలేదే. అవెందుకు కాలాయి?"

"అవి నకిలీవి కాబట్టి," అంది దుర్గ. మాట అలవాటుగా వచ్చేసింది గానీ గొంతులో మునుపటి బలం లేదు.

వీరరాఘవమ్మ కాలినదాన్ని ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆవిడకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. చెరువులో ఏరేటరు రెక్కలకు గుర్రపుడెక్క చుట్టుకున్నప్పుడు, మోటారు తిరగలేక, ఆగలేక, మూలుగుతూ మూలుగుతూ కాలిపోతుంది. అచ్చం ఈ వాసనే వస్తుంది.

"ఇది నాసిరకం కాదే. దీన్ని తిరగనివ్వకుండా ఏదో పట్టుకుంది. కాలడానికి ముందు మూలిగిందా?"

"మూలిగింది," అంది దుర్గ. "పీత నిలబడి ఉన్నా సరే మూలుగుతూనే ఉంది."

"అయితే ఏదో అడ్డం ఉంది. ఏమిటది?"

తబస్సుమ్ పీతను తిప్పి మోకాలిని చేత్తో ఆడించింది. ఎక్కడా అడ్డం లేదు, తేలిగ్గానే ఆడుతోంది. బాగా లోపలికి మడిచినప్పుడు మాత్రం కాలు వెళ్ళి చట్రానికి తగిలింది. అక్కడ రేకు మీద గీత పడి ఉంది. కొత్త గీత. తబస్సుమ్ దాని మీద గోరు పెట్టి చాలాసేపు చూసింది.

"ఇంత లోపలికి రమ్మని మనం ఎప్పుడూ చెప్పలేదే దీనికి," అంది. "దుర్గా, పాతది వణుకుతున్నప్పుడు నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? కాలు వంకరగా నిలబడుతోంది. తిన్నగా రావడం కోసం ప్రోగ్రాములో ఆ మోకాలికి పదిహేను డిగ్రీలు కలి..."

మాట మధ్యలో ఆగిపోయింది.

వసారాలో పిల్లి చేపల గిన్నె మూత తోస్తున్న చప్పుడు వినబడింది. ఎవరూ లేవలేదు.

"తీసేశావా?" అంది తబస్సుమ్.

దుర్గ తల అడ్డంగా ఊపింది.

"నాకు అర్థమయ్యేట్టు చెప్పండే," అంది వీరరాఘవమ్మ.

చెప్పింది తబస్సుమే. పాతది తను ఉన్న చోటు తప్పు చెబుతోంది కాబట్టి, ఆ తప్పుకు సరిపడా దుర్గ పదిహేను కలిపింది. కొత్తది నిజం చెప్పే సెర్వో. దానికి కూడా పదిహేను కలిపి పంపారు. అది చెప్పిన మాట విని పదిహేను డిగ్రీలు ఎక్కువ మడిచింది, కాలు వెళ్ళి చట్రానికి తగిలింది. ఇంకా రమ్మంటున్నారు, చోటు లేదు. తోసి తోసి కాలిపోయింది. రెండోది కూడా అంతే.

"అయితే మూడు మోటార్ల మీదా ముగ్గురి చేతులూ ఉన్నాయి," అంది వీరరాఘవమ్మ. "నేను నూనె పోశాను. ఇది అంకె మార్చి మరిచిపోయింది. నువ్వు చూసి నోరు మూసుకున్నావు."

"నన్ను కలపకండి మామ్మగారూ. నేను మీ మర్యాద చూసి ఊరుకున్నాను."

"ఆ మర్యాదే వద్దంటున్నాను. నా చెల్లెలికి నేను నిజం చెప్పలేదు, అది నన్ను గట్టిగా అడగలేదు. మర్యాదగానే విడిపోయాం. ఏమొచ్చింది?"

ఈ మాట ఎందుకు వచ్చిందో పిల్లలకు పూర్తిగా తెలియదు. సుబ్బలక్ష్మి పేరు దుర్గకు ఫోటో వల్ల తెలుసు, అంతే. వీరరాఘవమ్మ కూడా విడమరిచి చెప్పలేదు. వసారాలోకి వెళ్ళి పిల్లిని అదిలించి, గిన్నె తెచ్చి గూట్లో పెట్టి వచ్చింది. వచ్చేసరికి ఇద్దరూ పాత సెర్వో మీద వంగి ఉన్నారు.

తబస్సుమ్ పుల్లకు చుట్టిన దూదిని స్పిరిటులో ముంచి ఆ నల్లటి దారిని తుడిచింది. పసుపు వచ్చింది. ఇంకో పుల్ల, ఇంకా వచ్చింది. నాలుగో పుల్లకు దూది తెల్లగా నిలిచింది. పళ్ళచక్రాలను విడిగా కడిగి, ఆరబెట్టి, ఏ చక్రం తరవాత ఏదో దుర్గ ఫోనులో తీసిన ఫోటో చూసి పేర్చారు. మధ్యలో ఒక మాటా మంచిగా మాట్లాడుకోలేదు. "అది కాదు, పెద్దది ముందు." "తెలుసు నాకు." "తెలిస్తే పెట్టు." "నీ చెయ్యి తీస్తే పెడతాను."

చివర్లో తబస్సుమ్ ఒక చిన్న డబ్బీలోంచి తెల్లటి గ్రీజు అగ్గిపుల్ల కొసతో తీసి వీరరాఘవమ్మకు చూపించింది. ఆవగింజంత ఉంది.

"దీనికి పెట్టేది ఇదండీ. పళ్ళకే పెట్టాలి, ఇంతే పెట్టాలి. అడిగితే చెప్పేదాన్ని కదా."

"అడగడానికి నువ్విక్కడ లేవు."

"ఫోనుంది కదండీ."

"ఉంది," అంది వీరరాఘవమ్మ. ఇంతకాలానికి ఆవిడను నిలబెట్టి అడిగిన మనిషి ఈ పిల్లే.

మూత బిగించి పెట్టెకు తగిలించారు. బిరడా తిప్పితే సెర్వో ఈ చివర నుంచి ఆ చివరకు తడబడకుండా తిరిగింది. దుర్గ ల్యాప్‌టాప్ తెరిచి పదిహేనును కొట్టేసి సున్నా పెట్టింది. పెట్టిన అంకెను తబస్సుమ్‌కు చూపించింది. తబస్సుమ్ చూసి, మోకాలిని బిగించింది. క్యారేజీ గిన్నెలోని మూడు మరలూ తీసి ఎడమవైపు వెనక కాలికి మళ్ళీ వేసింది.

బ్యాటరీ తగిలించగానే పీత ఆరు కాళ్ళ మీద లేచి నిలబడింది. మూలుగు లేదు. కుడికాలు ముందుకు వేసింది. చేట అంచు దాటి, గచ్చు మీద టకటకా నడిచి, వీరరాఘవమ్మ పాదం దగ్గరకు వచ్చి ఆగింది. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

పదకొండింటి బస్సు హారను కొట్టుకుంటూ గట్టు మీద వెళ్ళిపోయింది.

"దొంగ సామాను తెచ్చానని రైల్లో అందరి ముందూ అన్నావు," అంది తబస్సుమ్ పీత వంక చూస్తూ. "అది నేను మరిచిపోను."

"నేను కాల్చానని నువ్వు కాలేజీలో సారుతో అన్నావు."

"అన్నాను."

"రేపు సారుతో చెప్పు, నేను కాల్చలేదని."

"సగం కాల్చావు. అంకె నువ్వే కదా కలిపింది. అదే చెబుతాను. నువ్వు రైల్లో చెప్పు. మెల్లగా కాదు, పెట్టెలో అందరికీ వినబడాలి."

"చెబుతాలే."

"సీటు కూడా నాదే రేపు. వారం రోజుల నుంచి నువ్వే కూర్చున్నావు కిటికీ దగ్గర."

"నువ్వు వేరే పెట్టె ఎక్కితే ఖాళీగా వదిలెయ్యాలా?"

వీరరాఘవమ్మ క్యారేజీ ఎత్తుకుని వంటింట్లోకి నడిచింది. పులుసు అయ్యాక పర్వీన్‌కు పంపాలి. వెనక నుంచి తబస్సుమ్ గొంతు వినబడింది.

"శనివారం దాకా పీత ఇక్కడే ఉండనీ. కానీ బల్ల మీద కాదు. అటక మీద పెట్టు, మామ్మగారికి అందకూడదు."

వీరరాఘవమ్మ గిరుక్కున తిరిగింది. తన ఇంట్లో, తన మొహాన, పందొమ్మిదేళ్ళ పిల్ల అనాల్సిన మాటేనా అది? నోటిదాకా వచ్చిన తిట్టు నోట్లోనే ఉండగా, దుర్గ అప్పుడే పీతను పట్టుకుని అటక వంక చూస్తోంది. దానికీ అందడం లేదు.

"ఉండవే, పడతావు," అని విసుక్కుని ఆవిడ క్యారేజీ కింద పెట్టింది. మూలనున్న ముక్కాలిపీట లాక్కొచ్చి అటక కింద వేసి, మనవరాలు ఎక్కుతుంటే కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.